వాద్యం ఇక్కడ.. పాట ఎక్కడో!
ఇంటి గదిలో వాయించి ఫైలుగా పంపే ‘దూర రికార్డింగ్’: పని తీరు, మెలకువలు, హక్కులు

జిన్నారం: బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడల సరసన ఉన్న జిన్నారం పేరు చెప్పగానే మందుల కర్మాగారాలు, షిఫ్టు బస్సులు, రసాయన ట్యాంకర్లు గుర్తుకు వస్తాయి. సంగీతం ఎవరికీ గుర్తుకు రాదు. అయినా పెళ్లి మేళాల్లో సన్నాయి ఊదేవారు, భజన మండళ్లలో తబలా, హార్మోనియం వాయించేవారు, చర్చిల్లో కీబోర్డు, గిటారు పట్టే యువకులు, బోనాలకు, జాతరలకు డప్పు కొట్టే బృందాలు లేని ఊరు ఈ చుట్టుపక్కల అరుదు. వీరిలో అధికుల సంపాదన పంచాంగం మీద ఆధారపడి ఉంటుంది. ముహూర్తాలున్న నెలల్లో తీరిక ఉండదు. మూఢం వస్తే పని ఉండదు. ఆషాఢం సన్నాయికి ఖాళీ నెల అయితే డప్పుకు అదే అసలు సీజను. మిగిలిన రోజుల్లో పలువురు కర్మాగారాల్లో కాంట్రాక్టు కొలువులకో, ఆటో నడపడానికో వెళుతుంటారు.

ఇటువంటి వాద్యకారులకు కొంతకాలంగా మరొక దారి తెరుచుకుంది. పాట ఎక్కడ తయారవుతున్నా, అందులో తన వాద్యం వరకు తన ఇంట్లోనే వాయించి, రికార్డు చేసి, అంతర్జాలం ద్వారా పంపి పారితోషికం పొందడమే ఆ దారి. దీన్నే ‘రిమోట్ సెషన్’ అంటున్నారు. హైదరాబాద్ స్టూడియోలు ఇక్కడికి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, పది నిమిషాల వాయిద్యం కోసం ఒక రోజు కూలిని, రానుపోను ఖర్చును వదులుకోవడం చిన్న కళాకారుడికి భారమే. ఆ భారం తప్పుతుంది. అయితే స్టూడియోలో సౌండ్ ఇంజినీరు, మేనేజరు, యూనియన్ చూసుకునే పనులన్నీ ఇక్కడ వాద్యకారుడి నెత్తినే పడతాయి. ఈ సంగతి తెలియక దిగినవారు తొలి పనిలోనే ఇబ్బంది పడుతున్నారు.

హాలు నుంచి ఇంటికి

దశాబ్దాల పాటు తెలుగు సినిమా పాటకు మద్రాసే చిరునామా. గాయనీ గాయకులు, వయొలిన్ల వరుసలు, లయ వాద్యాలు అంతా ఒకే హాలులో కూర్చుని ఒకేసారి వాయించాల్సి వచ్చేది. ఒక్కరు తప్పు పలికితే మొదటి నుంచి ఎత్తుకోవాల్సిందే. పలు ట్రాకుల రికార్డింగ్ వచ్చాక ఎవరి వంతు వారు విడిగా వాయించే వీలు కలిగింది. ఇల్లే స్టూడియోగా మారడానికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఏఆర్ రెహమాన్. ఇతరుల పాటలకు కీబోర్డు వాయిస్తూ ఎదిగిన ఆయన 1989లో తన ఇంటి ఆవరణలోనే ‘పంచతన్ రికార్డ్ ఇన్’ నెలకొల్పారు. ఆయన తొలి పెద్ద చిత్రం ‘రోజా’ వచ్చింది 1992లో.

ఇక దూరం నుంచి పాడించడానికి 1993లో వచ్చిన ఫ్రాంక్ సినాట్రా ‘డ్యూయెట్స్’ ఆల్బం పెద్ద నిదర్శనం. ఆయనతో జంటగా పాడిన గాయకుల్లో పలువురు వేరే నగరాల్లో ఉండి డిజిటల్ టెలిఫోన్ లైన్ల ద్వారా తమ గొంతును చేర్చారు. అప్పట్లో అది కోటీశ్వరుల వ్యవహారం. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలై స్టూడియోలకు తాళాలు పడ్డాక అదే పద్ధతి సాధారణ వాద్యకారుల ఇళ్లలోకి వచ్చింది. ఆంక్షలు ఎత్తేసినా అలవాటు మాత్రం పోలేదు.

ఇద్దరూ ఒకేసారి వాయించరాదా?

వీడియో కాల్‌లో ఎదురెదురుగా కూర్చుని జుగల్‌బందీ చేయవచ్చు కదా అని పలువురు అడుగుతుంటారు. కుదరదు. గాలిలో శబ్దం మీటరు దూరం వెళ్లడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. వేదిక మీద ఏడెనిమిది మీటర్ల దూరంలో ఉన్న మృదంగం 25 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపించినా కళాకారులు సర్దుకోగలరు. అంతకు మించితే లయ జారడం మొదలవుతుంది. అమెరికా పశ్చిమ తీరం ఇక్కడికి దాదాపు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుందనుకున్నా, ఒకవైపు ప్రయాణానికే 70 మిల్లీసెకన్లు కావాలి. వాస్తవంలో ఇంకా ఎక్కువే పడుతుంది. వేగవంతమైన కనెక్షన్ తీసుకున్నంత మాత్రాన ఈ దూరం తగ్గదు.

అందువల్ల పని ఇలా సాగుతుంది. పాట చేయించుకునేవారు గాయకుడి గొంతు, తాత్కాలిక వాద్యాలు కలిపిన నమూనా ట్రాకు పంపుతారు. దాంతోపాటు లయ వేగం నిమిషానికి ఎన్ని బీట్లు, శ్రుతి ఎంత, ఏ సెకను నుంచి ఏ సెకను వరకు వాద్యం కావాలి, ఎలాంటి భావం కావాలి అన్న వివరాలు ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. వాద్యకారుడు ఆ ట్రాకును హెడ్‌ఫోన్‌లో వింటూ, ‘క్లిక్’ అనే తాళపు టిక్కుకు అనుగుణంగా వాయిస్తాడు. హెడ్‌ఫోన్ చెవిని పూర్తిగా కప్పేదై ఉండాలి. లేదంటే ఆ టిక్కు శబ్దం మైకులోకి దూరి సన్నాయి ఆలాపన మధ్యలో గడియారంలా వినిపిస్తుంది. కంప్యూటరులో తన వాద్యం తనకు ఆలస్యంగా వినిపిస్తుంటే బఫర్ తగ్గించుకోవాలి. 128 శాంపిళ్ల బఫర్ వద్ద ఒకవైపు ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే.

ఫైలు తప్పితే శ్రుతి తప్పినట్లే

సినిమా, వీడియో పనులకు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు కోరడం పరిపాటి. సీడీ కాలం నాటి కొలత 44.1 కిలోహెర్ట్జ్. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే ఏమవుతుందో తెలుసుకోవడం అవసరం. 44.1లో రికార్డు చేసిన ఫైలును 48 అనుకుని నడిపితే 4 నిమిషాల పాట సుమారు 3 నిమిషాల 40 సెకన్లకే ముగుస్తుంది. ఒకటో శ్రుతిలో వాయించినది ఒకటిన్నరకు, రెండుకు మధ్యన ఎక్కడో, ఏ శ్రుతిపెట్టెకూ అందని చోట తేలుతుంది. వాయించినవాడి తప్పు లేకపోయినా నింద మాత్రం అతడికే వస్తుంది.

ఎంపీ3 ఫైళ్లతో మరో చిక్కు ఉంది. వీటిని తయారుచేసే క్రమంలో మొదట్లో చిన్న ఖాళీ చేరుతుంది. అది సెకనులో నలభయ్యో వంతే కావచ్చు గానీ, డప్పు దరువు ఆ మాత్రం పక్కకు జరిగితే పాట మొత్తం కుంటుతుంది. నమూనా ట్రాకు కూడా వేవ్‌లోనే పంపమని కోరడం, లేదా ట్రాకు ఆరంభంలో ఒక టిక్కు పెట్టించుకుని తాను పంపే ఫైలులోనూ అదే ఉంచడం దీనికి విరుగుడు. వాద్యం మూడో నిమిషంలో మొదలైనా ఫైలు మాత్రం సున్నా సెకను నుంచే ఉండాలి. అప్పుడే అవతలివారు ఎత్తి పక్కన పెట్టగానే సరిగ్గా కూర్చుంటుంది. ప్రతిధ్వని వంటి హంగులు జోడించకుండా వట్టి వాద్యమే పంపాలి. తనకు నచ్చిన హంగు ఉంటే వేరే ఫైలుగా ఇవ్వవచ్చు.

ఒక మైకుతో తీసిన 4 నిమిషాల ట్రాకు దాదాపు 35 మెగాబైట్లు ఉంటుంది. అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ ఉంటే అర నిమిషంలో వెళ్లిపోతుంది. కనెక్షన్ తీసుకునేటప్పుడు ప్రకటనల్లో పెద్దక్షరాల్లో కనిపించే డౌన్‌లోడ్ వేగం కాకుండా, అప్‌లోడ్ వేగం ఎంతో ఆరా తీయాలి. వాట్సాప్‌లో మామూలు ఆడియోగా పంపిన వాద్యం నలిగిపోతుంది. ఎడిటింగ్‌కు ఖరీదైన సాఫ్ట్‌వేరే ఉండనవసరం లేదు. ఆడాసిటీ ఉచితం, రీపర్ తక్కువ ధరకు లభిస్తుంది. చిక్కంతా గదితోనే.

ట్యాంకర్ల మధ్య తంబూరా

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు-2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. పారిశ్రామిక ప్రాంతాల్లో పగలు 75, రాత్రి 70 వరకు అనుమతి ఉంది. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. అంటే పారిశ్రామికవాడ అంచున ఇల్లున్నవారికి అర్ధరాత్రి కూడా నిశ్శబ్దం దొరుకుతుందన్న హామీ చట్టంలోనే లేదు! రికార్డింగ్ గదిలో పరిసరాల చప్పుడు 30 డెసిబెల్స్ లోపు ఉంటే మేలు.

గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే శబ్దం ఆగుతుందన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. అట్టలు తేలికైనవి. బయటి శబ్దాన్ని ఆపేది బరువు మాత్రమే. మందపు ఇటుక గోడ, సందులు లేని తలుపు, మూసిన కిటికీ ఆపగలవు. బొంతలు, పరుపులు, దూది దిండ్లు చేసే పని వేరు. అవి గదిలోపల పుట్టే ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి. రెండూ వేర్వేరు రోగాలు, మందులూ వేర్వేరు. రోడ్డుకు దూరంగా ఉన్న లోపలి గదిని ఎంచుకుని, మైకు వెనుక, పక్కల బొంతలు వేలాడదీస్తే చాలావరకు సరిపోతుంది. బట్టలు నిండిన బీరువా ఉన్న పడకగది ఖాళీ హాలుకంటే మెరుగు.

ట్యాంకర్లు, జనరేటర్ల నుంచి వచ్చేది లోతైన గుర్రుమనే శబ్దం. వేణువు, సన్నాయి వంటి వాద్యాల స్వరాలు అంత కిందకు దిగవు కనుక 80 హెర్ట్జ్ దిగువన ఉన్నదంతా కోసేసినా నష్టం లేదు. తబలా ఎడమకు, డోలుకు, డప్పుకు ఆ సౌకర్యం లేదు. వాటి ప్రాణం ఆ లోతులోనే ఉంది. కాబట్టి తాళవాద్యకారులు షిఫ్టు మారే వేళలు గమనించి, బస్సుల రద్దీ లేని గంటలు ఎంచుకోక తప్పదు. అయితే తెల్లవారుజామున డప్పు కొడితే ఇరుగుపొరుగు ఊరుకుంటారా అన్నది వేరే ప్రశ్న.

కరెంటుతోనూ ఒక సంగతి ఉంది. మన సరఫరా 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగా లేకపోతే అదే ‘గుం’ అంటూ రికార్డింగులోకి వస్తుంది. పాశ్చాత్య స్వరాల్లో 49 హెర్ట్జ్ వద్ద ఉన్న జీ స్వరానికి ఇది కాస్త పైన ఉంటుంది. అంటే ఐదో శ్రుతిలో పాట ఉంటే వెనుక ఎవరో శ్రుతి కలపని తంబూరా మీటినట్లే. ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడాలి. గుంయ్ తగ్గితే లోపం ఎర్తింగ్ వైపు ఉన్నట్లు. ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చే కూలి కొత్త మైకు ధరకంటే తక్కువే.

వేసవిలో ఫ్యాను, ఏసీ కట్టేసి వాయించాలి. దీనివల్ల చెమటే కాదు, శ్రుతి కూడా ఇబ్బంది పెడుతుంది. 25 డిగ్రీల వద్ద గాలిలో శబ్దం వేగం సెకనుకు 346 మీటర్లు. 35 డిగ్రీల వద్ద అది 352 మీటర్లు. వేణువులో స్వరం ఆ మేరకు పైకి పోతుంది. ఊపిరి వెచ్చదనం వల్ల వాస్తవంలో తేడా కొంత తగ్గినా, సిద్ధాంతరీత్యా అర స్వరంలో మూడో వంతు దాకా వెళ్లగలదు. పాట మొదట్లో కలిసిన వేణువు చివరి చరణానికి పదునెక్కడం ఇందుకే. ప్రతి టేకుకు ముందు శ్రుతి చూసుకోవాలి. డప్పుది దీనికి తిరగబడిన కథ. మంట మీద కాచిన చర్మం చల్లారేకొద్దీ బిగువు తగ్గి శబ్దం దిగుతుంది. మొదటి టేకు, ఐదో టేకు కలిపి అతికిస్తే రెండు డప్పులు కొట్టినట్లు ఉంటుంది. ఫైబరు మూత డప్పుకు ఈ బాధ లేదు గానీ, తోలు పలికే గంభీరత దానికి రాదు.

ఎవరికి గిరాకీ?

తబలా, వేణువు, గిటారు, కీబోర్డు వాయించేవారు ప్రపంచమంతా ఉన్నారు. వీటి శబ్దాలు సాఫ్ట్‌వేర్‌లో తయారుగానూ దొరుకుతాయి. కాబట్టి పోటీ తీవ్రం. మన ప్రాంతపు సన్నాయి గమకం, ఒగ్గు డోలు ఉరుము, జాతర డప్పు దరువు అలా కాదు. మీట నొక్కితే వచ్చే శబ్దాల్లో అవి అరుదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గొంతు ‘భీమ్లా నాయక్’ పాటలో వినిపించాక, 2022లో పద్మశ్రీ వచ్చాక ఆ వాద్యం పేరు రాష్ట్రమంతా తెలిసింది. 2023లో వచ్చిన ‘బలగం’ పతాక సన్నివేశంలో బుడగ జంగాల కళాకారుల పాట ప్రేక్షకులను కంటతడి పెట్టించింది. అవి దూర రికార్డింగులు కావు. అరుదైన శబ్దానికి ఉన్న విలువకు అవి సాక్ష్యం.

సినిమాలే లక్ష్యం కానవసరం లేదు. యూట్యూబ్‌లో వెలువడే తెలంగాణ జానపద గీతాలకు, పండుగల ప్రైవేటు పాటలకు వాద్యకారులు నిత్యం అవసరం. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పిల్లల కూచిపూడి అరంగేట్రాలకు ముందుగా రికార్డు చేసిన సంగీతం కావాల్సి వస్తుంది. వారికి పగలైతే మనకు రాత్రి. సాయంత్రం వచ్చిన కోరికను రాత్రి నిశ్శబ్దంలో వాయించి తెల్లవారేసరికి పంపగలగడం ఈ గడియారం వల్ల కలిగే లాభం. ఇక ఈ పారిశ్రామికవాడల్లోనే ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కార్మికులు వేలల్లో ఉన్నారు. వారి భాషల పాటల్లో డోలక్ వాయించగలిగినవారికి పరిచయాలు ఊళ్లోనే దొరుకుతాయి.

పేరు లేకపోతే హక్కు లేదు

ఈ వృత్తిలో అత్యధికులు పట్టించుకోని విషయం ఇదే, నష్టపోయేదీ ఇక్కడే. కాపీరైట్ చట్టం-1957 ప్రకారం వాద్యకారుడు ‘ప్రదర్శకుడు’. 38వ సెక్షన్ కింద అతడి ప్రదర్శనకు 50 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. 2012 సవరణతో 38ఏ, 38బీ సెక్షన్లు చేరాయి. సినిమా కోసం వాయించడానికి రాతపూర్వకంగా అంగీకరించాక, ఒప్పందంలో వేరుగా లేకపోతే, ఆ సినిమాలో దాని వినియోగానికి అభ్యంతరం చెప్పడం కుదరదు. కానీ ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడుకుంటే రాయల్టీకి అర్హత ఉంటుందని అదే సెక్షన్ చెబుతోంది.

అయితే నిర్వచనంలోనే ఒక మెలిక ఉంది. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో, ఆనుషంగికమో అయి, పరిశ్రమ ఆనవాయితీలో పేరు ఎక్కడా ప్రకటించరో, వారిని ప్రదర్శకులుగా లెక్కించరు. తమ వాద్యాన్ని వక్రీకరించి ప్రతిష్ఠకు భంగం కలిగిస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే వారికి మిగులుతుంది. ‘టైటిల్స్‌లో నా పేరు వేస్తే చాలు, లేకున్నా ఫర్వాలేదు’ అని మొహమాటంతో వదిలేసేవారు ఈ వాక్యం గుర్తుంచుకోవాలి. తెర మీద పేరు కేవలం గౌరవం కాదు, ఆధారం.

హక్కులు బదిలీ చేస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. 19వ సెక్షన్‌లోని ఈ నియమాలు 39ఏ ద్వారా ప్రదర్శకులకూ వర్తిస్తాయి. విదేశాల నుంచి వచ్చే ఒప్పందాల్లో ‘ప్రపంచమంతటా, శాశ్వతంగా’ అన్న మాటలు ఉండేది ఇందుకే. అలా ఇవ్వకూడదని కాదు. ఇచ్చేటప్పుడు ధర దానికి తగినట్లు ఉండాలి. గాయకుల రాయల్టీల కోసం 2013లో ఏర్పడిన ఇస్రా సంఘం తర్వాత వాద్యకారులనూ చేర్చుకుని ఇసామ్రాగా మారింది.

కృత్రిమ మేధ వచ్చాక మరొక షరతు అవసరమైంది. పంపేది ఏ హంగూ లేని ఒంటరి వాద్యం. శబ్దాల సంకలనాలు తయారుచేయడానికి, యంత్రాలకు నేర్పడానికి అంతకంటే అనువైన ముడిసరుకు లేదు. ‘ఈ వాద్యాన్ని ఫలానా పాటకు మాత్రమే వాడాలి. శాంపిల్ సంకలనాలకు, కృత్రిమ మేధ శిక్షణకు వాడరాదు’ అని ఒక్క వాక్యం ఒప్పందంలో చేర్పించాలి. ఈమెయిల్‌లో రాసి, అవతలివారి అంగీకారం తెప్పించుకున్నా కొంత రక్షణే.

డబ్బు ముందా, ఫైలు ముందా?

సగం అడ్వాన్సు, మిగతా సగం నమూనా విన్నాక, ఆపై పూర్తి ఫైలు అన్నది క్షేమకరమైన క్రమం. నమూనాగా తక్కువ నాణ్యత గల ఎంపీ3 పంపి, మధ్యమధ్య బీప్ శబ్దం పెడితే దాన్నే వాడుకునే ప్రమాదం తప్పుతుంది. ఎన్నిసార్లు మార్పులు చేసి ఇస్తారో కూడా ముందే చెప్పాలి. రెండుసార్లు ఉచితం, మూడోసారి నుంచి రుసుము అనడం న్యాయమే. వాయించడంలో పొరపాటును సరిచేయడం వేరు, స్వరకర్త ఆలోచన మారి బాణీయే మార్చడం వేరు. రెండోది కొత్త పని.

ఫైవర్ వంటి వేదికలు కళాకారుడి సంపాదనలో 20 శాతం మినహాయించుకుంటాయి. సౌండ్‌బెటర్ ప్రత్యేకించి సంగీత పనులకు ఉద్దేశించినది. మొదట్లో పరిచయాల కోసం ఇవి ఉపయోగపడతాయి. స్వదేశీ చెల్లింపులకు యూపీఐ చాలు. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలోపల చెల్లింపులు ఆపేసి విదేశీ చెల్లింపులకే పరిమితమైంది. విదేశాల నుంచి డబ్బు వచ్చినప్పుడల్లా బ్యాంకు నుంచి రాక ధ్రువపత్రం తీసుకుని దాచాలి. ఏడాది రాబడి 20 లక్షలు దాటనంతవరకు సేవలకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. నిర్మాణ సంస్థలు 10 శాతం పన్ను కోసుకుని ఇస్తే కంగారు పడనక్కర్లేదు. ఆదాయం తక్కువైనవారు రిటర్ను దాఖలు చేసి దాన్ని తిరిగి పొందవచ్చు. పాన్ సంఖ్య ఇవ్వకపోతే కోత రెట్టింపు అవుతుంది.

డబ్బు చేతికందాక ఫైళ్లు చెరిపేయడం మాత్రం తొందరపాటు. పాట విడుదల నెలల తరబడి వాయిదా పడి, చివరి క్షణంలో ‘రెండో చరణం వెనుక సన్నాయి ఒక్కటే మళ్లీ కావాలి’ అని కబురు వస్తుంటుంది. వాయించిన అన్ని టేకులను, ఒప్పందపు మెయిళ్లను పాటవారీగా రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచుకోవాలి. ఏ రోజు, ఏ శ్రుతిలో, ఏ వాద్యంతో, మైకు ఎంత దూరంలో పెట్టి వాయించారో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే, ఆర్నెల్ల తర్వాత కూడా అదే శబ్దం మళ్లీ రాబట్టవచ్చు.